ఆపరేటర్ శౌరి చూడని పదమూడో వారం

1995 మార్చి పద్నాలుగు, మంగళవారం సాయంత్రం ఆరు గంటల ఇరవై నిమిషాలకు శౌరి పదిహేనో రీలును డబ్బాలో పెట్టి మూత నొక్కాడు. నిర్మాత పట్టాభిరామయ్య అప్పటికే ప్రొజెక్షన్ బూత్ మెట్లు ఎక్కుతున్నాడు. ఇనుప మెట్లు, మోకాళ్ళ నొప్పి మనిషి, కాబట్టి పైకి చేరడానికి కొంతసేపు పడుతుంది. వచ్చి ఏం అడుగుతాడో శౌరికి తెలుసు. పదకొండేళ్ళుగా ఆ మెట్లు ఎక్కిన ప్రతి నిర్మాతా అదే అడిగాడు.

"ఎలా ఉంది శౌరీ?"

ఫిల్మ్‌నగర్‌లో ప్రివ్యూ వేసినప్పుడు సీట్లలో కూర్చున్నవాళ్ళ మాట ఎవరూ నమ్మరు. స్నేహితులు బాగుందంటారు. బంధువులు చాలా బాగుందంటారు. సినిమా కొనడానికి వచ్చినవాళ్ళు బాగున్నా బాగుందని చెప్పరు. అందుకని అందరూ కార్లెక్కి వెళ్ళిపోయాక నిర్మాత పైకి వచ్చి ఆపరేటర్‌ని అడుగుతాడు. ఆపరేటర్ రోజూ సినిమా చూసేవాడు, ఎవరి చుట్టమూ కాడు. శౌరి అందరికీ ఒకటే జవాబు చెబుతూ వచ్చాడు: "ప్రింటు బాగుందండీ." అందులో ఎవరికి కావలసింది వాళ్ళు విని కిందికి దిగేవాళ్ళు.

ఈసారి ఆ జవాబుతో బయటపడటం కష్టం. ఇప్పుడే తెరమీద అయిపోయిన సినిమా ముగింపు, శౌరి ఆరు నెలల కిందట టీకొట్టు దగ్గర కల్పించి చెప్పిన అబద్ధం. ఆ సంగతి నిర్మాతకు తెలియదు, దర్శకుడికీ తెలియదు. పేరున్న ఒక ఇంగ్లీషు సీరియల్‌లో అలాగే ఉందని ఇద్దరూ నమ్మారు. పైగా ఆ ముగింపు బాగాలేదు.

శౌరి ఇంటిపేరు తుమ్మా. ఊరు ఫిరంగిపురం దగ్గర. మిషన్ బడిలో పదో తరగతి చదివి, తెనాలిలో ఒక హాల్లో రీళ్ళు చుట్టే పనిలో చేరి, తర్వాత ఆపరేటర్ లైసెన్సు తెచ్చుకున్నాడు. 1984లో ఫిల్మ్‌నగర్ వాలు మీద బండలు పగలగొట్టి నలభై రెండు సీట్ల ఈ థియేటర్ కట్టినప్పుడు హైదరాబాద్ వచ్చాడు. వచ్చిన మూడో వారంలోనే ఒక నిర్మాత అడిగితే, రెండో సగంలో హీరో చెల్లెలి పెళ్ళి తీసేస్తే బాగుంటుందని చెప్పాడు. ఆ పెళ్ళిలో చెల్లెలుగా వేసింది నిర్మాత మేనకోడలు. మర్నాడు థియేటర్ యజమాని పిలిచి, "నిన్ను పెట్టుకుంది తిప్పడానికయ్యా, తీర్పులు చెప్పడానికి కాదు" అన్నాడు. ఆ మాట తర్వాత శౌరి తెలుగు సినిమా గురించి బూత్‌లోగానీ, టీకొట్టు దగ్గరగానీ, ఇంట్లోగానీ నోరెత్తలేదు.

అభిప్రాయాలు లేక కాదు. రోజుకు రెండు సినిమాలు కిటికీలోంచి చూసే మనిషికి అభిప్రాయాలు గడ్డంలాగా పెరుగుతాయి. అతను వాటిని పరాయి దేశాల మీద ఖర్చుపెట్టాడు. అక్కడి నిర్మాతలెవరూ ఫిల్మ్‌నగర్ మెట్లు ఎక్కరు.

మొదట పాకిస్తాన్ నాటకాలు. 1986 ప్రాంతంలో అక్కడి టీవీ డ్రామాల కాసెట్లు దుబాయ్ మీదుగా టోలిచౌకి వీడియో షాపులకు వచ్చేవి. శౌరి ఆదివారం చర్చిలో పూజ అయ్యాక సైకిలు మీద టోలిచౌకి వెళ్ళి రెండు కాసెట్లు తెచ్చుకునేవాడు. ఉర్దూ అప్పటికి సగం వచ్చు. మిగతా సగం ఆ నాటకాలే నేర్పాయి. తర్వాత దూరదర్శన్‌లో జపాన్ సీరియల్. 1992లో కేబుల్ తీగ చెట్లమీదుగా, బండల మీదుగా ఫిల్మ్‌నగర్ బస్తీలో అతని రెండు గదుల ఇంటిదాకా వచ్చాక అమెరికా, ఇంగ్లండ్, ఆస్ట్రేలియా అన్నీ వచ్చాయి. చూసిన ప్రతి భాగం గురించి వందపేజీల నోటుపుస్తకంలో పేజీకి ఒకటి చొప్పున రెండు మూడు వాక్యాలు రాసుకునేవాడు. ఇంగ్లీషు మొత్తం అర్థమయ్యేది కాదు. దాన్ని అతను లోపంగా ఎంచలేదు. బూత్‌లో ఆర్క్ దీపం పొగను బయటికి లాగే ఫ్యాను హోరులో మాటలు ఎప్పుడూ సరిగ్గా వినబడవు. పెదాలు కదలడం చూసి కథ తెలుసుకోవడం అతనికి అలవాటే. పైగా టీవీలో మంచి సన్నివేశం వస్తే కావాలని శబ్దం తగ్గించి చూసేవాడు. మాట లేకపోయినా నిలబడితే అది సన్నివేశం, లేకపోతే రేడియో అనేవాడు.

థియేటర్ గేటుకు ఎదురుగా, బండకు ఆనించి కొమురమ్మ టీకొట్టు. అసిస్టెంట్ డైరెక్టర్లు, కారు డ్రైవర్లు, వేషాల కోసం తిరిగేవాళ్ళు అక్కడ చేరేవారు. శౌరి అభిప్రాయాలకు అదే సభ.

అమెరికా వాళ్ళ రోజువారీ సీరియళ్ళంటే అతనికి కోపం. "చచ్చినవాడు నలభై వారాల తర్వాత లేచొస్తాడు. వాడి కోసం నేను ఏడ్చిన ఏడుపు ఎవడు తిరిగిస్తాడండీ?" అనేవాడు. "అంతంత ఇళ్ళు, ఒక్కడూ పనికిపోడు. తలుపు తీసేది వాళ్ళే, మూసేది వాళ్ళే. ఇంట్లో ఒక ముసలమ్మ కనపడదు."

"ముసలమ్మ లేకుంటే గదేం ఇల్లు?" అనేది కొమురమ్మ.

"అందుకే చెడిపోయారు."

జపాన్ వాళ్ళంటే గౌరవం. వాళ్ళు తెరమీద అన్నం తింటారు, గిన్నె అడుగుదాకా తింటారు. ఆకలి అంటే ఏమిటో తెలిసిన దర్శకుడే అలా తీయగలడని అతని వాదన. పాకిస్తాన్ నాటకాలకు సెట్టు ఉండదు, నాలుగు గోడలు, ఒక మంచం. అయినా మనిషి తలుపు దగ్గర ఆగి వెనక్కి చూస్తే అరగంట నిలబడుతుందనేవాడు. కానీ అక్కడి ఆడవాళ్ళు ఏడవడానికి ముందు ముక్కు సవరించుకుంటారని, అది చూడగానే ఏడుపు వస్తోందని తనకు తెలిసిపోతుందని, అది తప్పని రాసుకున్నాడు. ఇంగ్లండ్ వాళ్ళకు మాత్రం పెద్దపీట. "వాళ్ళు ఏడ్చే వేళకి కెమెరా పక్కకి పోద్ది. టీ కప్పు చూపిస్తారు. మనిషి ఏడుస్తోందని మనకి తెలుసుగా, ఇంకెందుకు చూపించడం?"

"కప్పు చూస్తే ఏడుపొస్తదా నీకు?" అని కొమురమ్మ అడిగితే, "నీ కప్పులు చూస్తే వస్తుంది, సగమే పోస్తావు" అన్నాడు.

1994 జూన్‌లో శనివారం సాయంత్రం ఆరింటికి ఇంగ్లండ్ సీరియల్ ఒకటి మొదలైంది. పదమూడు వారాలు. ఒక రేవు పట్టణంలో పడవల కంపెనీ నడిపే విధవరాలు, ఇద్దరు కొడుకులు. పెద్దవాడు తాగి, పొగమంచులో పడవ బయలుదేరదీశాడు. మునిగింది, పదకొండుమంది పోయారు. పడవ నడిపింది తానేనని చెప్పి చిన్నవాడు జైలుకు వెళ్ళాడు. తల్లికి నిజం తెలుసు. తెలిసీ రోజూ కంపెనీ తలుపు తీస్తుంది, సాయంత్రం వేస్తుంది. శౌరికి ఆ తాళం వేసే చెయ్యి పిచ్చిగా నచ్చింది. ప్రతి ఆదివారం ఉదయం టీకొట్టు దగ్గర ఆ వారం కథ చెప్పేవాడు. మొదట ముగ్గురు వినేవాళ్ళు. పదోవారానికి పాతికమంది. "ముసలామె చెప్పిందా?" అని కొమురమ్మ దూరంనుంచే అరిచి అడిగేది. "ఇంకా లేదు" అంటే అందరూ స్థిమితపడేవాళ్ళు.

పదమూడో శనివారం కూడా ఆరింటికల్లా శౌరి ఇంటికి చేరాల్సింది. మధ్యాహ్నం మూడింటికి వేసిన ప్రివ్యూ ఐదున్నరకి అయిపోయింది. కానీ ఆ సినిమా నిర్మాతకు రెండో సగం మీద అనుమానం వచ్చి, మళ్ళీ వెయ్యమన్నాడు. శౌరి వేశాడు. ఆ రెండో సగం ఎనిమిది రీళ్ళూ తిప్పుతున్నంతసేపూ బస్తీలో అతని టీవీ ఆరిపోయి ఉంది. భార్య అంతోనమ్మ జూబ్లీహిల్స్ ఇళ్ళకు చీరలకు ఫాల్స్ కుట్టి ఇచ్చి రావడానికి వెళ్ళింది. మంగళవారం మధ్యాహ్నం ఆ భాగం మళ్ళీ వేస్తారు గదా అనుకున్నాడు. మంగళవారం వచ్చేసరికి కేబుల్ అతను ఆ ఛానల్ తీసేసి, ఆ చోట పాటల ఛానల్ పెట్టాడు. అప్పట్లో తీగలో పట్టేవి పది పన్నెండు ఛానళ్ళే. ఏది ఎక్కువమంది అడిగితే అది.

కానీ ఆదివారం ముందు వచ్చింది. టీకొట్టు దగ్గర ముప్పై ఒక్కమంది నిలబడి ఉన్నారు. పన్నెండు వారాలు చెప్పిన మనిషి పదమూడో వారం చూడలేదని ఎలా చెబుతాడు? చెప్పాలనే నోరు తెరిచాడు. "ముసలామె చెప్పిందా?" అని కొమురమ్మ అడిగింది. "చెప్పింది" అన్నాడు.

ఆ తర్వాత ఆగడం కుదరలేదు. ఆదివారం చర్చి, పదకొండు కుటుంబాలు బల్లల మీద కూర్చున్నాయి, తల్లి లేచి పీఠం మెట్లు ఎక్కి, ఊరందరి ముందూ నిజం చెప్పింది. పెద్దకొడుకు ఒక్కమాట మాట్లాడకుండా లేచి, పోలీసుస్టేషన్ దారిన నడిచిపోయాడు. చెప్పడానికి నిమిషం పట్టింది. టీ పొంగి పొయ్యిలో పడింది, కొమురమ్మ చూసుకోలేదు. ఒక డ్రైవర్ తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు.

వాళ్ళలో కాశీవిశ్వనాథం ఉన్నాడు. పన్నెండేళ్ళుగా కో-డైరెక్టర్, దర్శకుడిగా మొదటి అవకాశం కోసం కథ వెతుక్కుంటున్నవాడు. అతను శౌరిని బండ వెనక్కి తీసుకెళ్ళి, మొత్తం పదమూడు వారాలూ మళ్ళీ చెప్పించుకుని రాసుకున్నాడు. అసలు కాసెట్లు తెప్పించుకునే ఓపిక అతనికి లేదు, అవసరమూ లేదనుకున్నాడు. ఫిల్మ్‌నగర్‌లో కథ చెవినుంచి చెవికే నడుస్తుంది. నెల తిరక్కుండా కోనసీమనుంచి వచ్చిన పట్టాభిరామయ్యను ఒప్పించాడు. రేవు పట్టణం గోదావరి ఒడ్డయింది, పడవ లాంచీ అయింది, చర్చిలో ఆదివారం శివరాత్రినాటి రేవు అయింది. పట్టాభిరామయ్యకు మొదట్లో ఒక్కటే అనుమానం: ముగింపులో తల్లి అంతమందిలో అలా మాట్లాడుతుందా? "సార్, అది ప్రూవ్డ్ సార్. లండన్‌లో హిట్టయిన ఎండింగ్. కామా కూడా మార్చొద్దు" అని కాశీవిశ్వనాథం చెప్పాడు. సొంత ఊహ అయితే నిర్మాత పది ప్రశ్నలు వేసేవాడు. బయటిదేశంలో ఆడిందంటే వెయ్యలేదు.

షూటింగ్ గోదావరి మీద, తీసిన ముక్కలు, అంటే రషెస్, చూసుకోవడం మద్రాసులో. అందువల్ల మార్చి పద్నాలుగు దాకా శౌరి ఆ సినిమాలో ఒక్క ముక్క కూడా చూడలేదు. కాశీవిశ్వనాథం తన దగ్గర రాసుకున్న కథే తీశాడని మూడో రీలులో లాంచీ మునిగినప్పుడు అర్థమైంది. తొమ్మిదో రీలుదాకా సంతోషంగానే ఉంది. తల్లి కంపెనీ గదికి తాళం వేస్తుంటే చెయ్యి మాత్రమే చూపించారు. పదిహేనో రీలులో తల్లి రేవు మెట్లు ఎక్కి మాట్లాడటం మొదలుపెట్టింది. శౌరి అలవాటుగా బూత్‌లో స్పీకరు శబ్దం తగ్గించాడు. పెదాలు కదులుతున్నాయి. మూడువందలమంది జనం నిలబడి ఉన్నారు. పెదాలు ఇంకా కదులుతున్నాయి. గోడ గడియారం చూశాడు. తొమ్మిది నిమిషాలు.

టీకొట్టు దగ్గర నిమిషంలో చెప్పినప్పుడు కనబడనిది ఇప్పుడు కనబడింది. నిడివి ఒక్కటే కాదు. ఊరందరిముందూ నిజం చెప్పగలిగిన ఆడమనిషి అయితే నాలుగో రీలులోనే చెప్పేది. మనుషులు ఆఖరి రీలులో మారిపోకూడదని అమెరికావాళ్ళను ఎన్నిసార్లు తిట్టాడో అతనికి గుర్తుంది.

పట్టాభిరామయ్య బూత్‌లోకి వచ్చి స్టూలు మీద కూర్చున్నాడు.

"ఎలా ఉందయ్యా శౌరీ?"

"ప్రింటు బాగుందండీ."

"ప్రింటు సంగతి ల్యాబువాడు చెబుతాడు. నాకు ఒక్కటి చెప్పు. ఆఖరి రీలులో మా ఆవిడ చీకట్లో కాళ్ళతో చెప్పులు వెతుక్కుంది. నేను చూశాను. ముప్పై ఏళ్ళ కాపురం, ఆవిడ కాళ్ళ భాష నాకు తెలుసు."

శౌరి రీళ్ళ డబ్బాలు వరసగా సర్దాడు.

"కాశీ అడిగితే లండన్‌లో అలాగే ఉందంటాడు. శౌరి చూశాడు, అడగండి అంటాడు. అక్కడ ఇదేనా ముగింపు? ఇంకా సంగీతం కలపలేదు. ఎల్లుండి మద్రాసు వెళ్తున్నాను. అది కలిపేస్తే ఇక నా చేతిలో ఏం లేదు."

"రేపు పొద్దున చెబుతానండీ" అన్నాడు శౌరి.

"చూసినదాన్ని చెప్పడానికి రేపెందుకయ్యా?" అన్నాడు పట్టాభిరామయ్య. స్టూలు మీంచి లేచి, "సరే, శ్రీనగర్ కాలనీ ఆఫీసుకి రా" అని, గోడ పట్టుకుని కిందికి దిగాడు.

ఇంట్లో అంతోనమ్మ చీర అంచు కుడుతోంది. ఆ పదమూడో వారం టీవీ పెట్టలేదని తెలిసిన మనిషి ప్రపంచంలో ఆమె ఒక్కతే. అంతా విని, దారం కొరికి తెంపింది.

"అయితే ఇప్పుడేంటయ్యా నీ బాధ? సినిమా పోతుందనా, పరువు పోతుందనా?"

"రెండూ."

"సినిమా ఆయనది. పరువు నీది. విడివిడిగా చెప్పు."

"చూళ్ళేదని చెప్తే ఇక నన్నెవరడుగుతారు? ఇన్నేళ్ళూ శౌరి చూశాడంటే చూసినట్టే. కాశీ గారైతే నన్ను బతకనివ్వరు, ఆయనకిది మొదటి సినిమా. చెప్పకపోతే ఆ తొమ్మిది నిమిషాలు అలాగే జనంలోకి పోతాయి."

"ప్రతి నెలా ఫాదర్ దగ్గర మోకాళ్ళేసి పాపసంకీర్తనం చేస్తావు. ఈ అబద్ధం చెప్పావా ఆయనకి?"

"టీకొట్టు దగ్గర చెప్పింది కూడా పాపమేనా?"

"ముప్పైమందిని ఏడిపించావుగా" అంది అంతోనమ్మ. "పోయి చెప్పు. మోకాళ్ళు వెయ్యక్కర్లేదు, ఆయనకే మోకాళ్ళ నొప్పి."

బుధవారం తొమ్మిదింటికి శౌరి నోటుపుస్తకం పట్టుకుని శ్రీనగర్ కాలనీలో పట్టాభిరామయ్య ఆఫీసుకు వెళ్ళాడు. కాశీవిశ్వనాథం అక్కడే ఉన్నాడు. శౌరి నిలబడే చెప్పాడు. పన్నెండు వారాలు చూశానని, పదమూడోది చూడలేదని, ముగింపు తానే అల్లానని, అది తప్పని. నోటుపుస్తకం తీసి బల్లమీద పెట్టాడు. ఒకటి నుంచి పన్నెండుదాకా వారాల సంఖ్య, తేదీ, కింద రెండు మూడు వాక్యాలు ఉన్నాయి. పదమూడు అని అంకె వేసి ఉంది. ఆ పేజీ ఖాళీ.

పట్టాభిరామయ్య ఆ ఖాళీ పేజీని చాలాసేపు చదివినట్టు చూశాడు.

కాశీవిశ్వనాథం నవ్వాడు. "అర్థమైంది సార్. కథ నాది అంటున్నాడు."

"అనలేదండీ" అన్నాడు శౌరి.

"ఎండింగ్ నువ్వే అల్లానంటే ఏంటయ్యా అర్థం? రిలీజు ముందు ప్రతి సినిమాకీ ఒకడొస్తాడు సార్, కథ నాదే అంటూ. నోటుబుక్కు కూడా తెస్తారు. నేను ఇలాంటివాళ్ళను నలుగుర్ని చూశాను. ఖాళీ పేజీ ఎప్పుడైనా వదలొచ్చు."

"నాది అని చెప్పుకోవడానికి రాలేదు సార్. బాగాలేదని చెప్పడానికి వచ్చాను. తీసెయ్యండి."

"తీసేసి?"

"ఆవిడ మెట్లు ఎక్కడం మొదలెట్టగానే ఆపెయ్యండి. ఎందుకెక్కుతోందో చూసేవాళ్ళకి తెలుసు."

"సార్, తల్లి వేషం వేసిన ఆర్టిస్టు గారు ఆ డైలాగు కోసమే డేట్స్ ఇచ్చారు. తొమ్మిది నిమిషాలూ సింగిల్ టేక్. అది తీసేస్తే నా మొదటి సినిమాకి క్లైమాక్స్ ఉండదు" అన్నాడు కాశీవిశ్వనాథం. అతని గొంతులో నవ్వు పోయింది.

పట్టాభిరామయ్య పుస్తకం మూసి శౌరికి ఇచ్చాడు. "నీ మాట నేను నమ్ముతాను. అబద్ధం ఆడి గొప్పకి పోయేవాడు అది బాగాలేదని చెప్పడు. పోనీ, టైటిల్స్‌లో కథా సహకారం అని నీ పేరుతో ఒక కార్డు వేయిస్తాను. సరేనా?"

కాశీవిశ్వనాథం 'చూశారా' అన్నట్టు చేతులు చాపాడు.

"వద్దండీ" అన్నాడు శౌరి. "తెరమీద పేరు పడితే నేను కూడా మీ చుట్టాన్నే అవుతాను. ఇక పైకొచ్చి ఎవరూ అడగరు."

పట్టాభిరామయ్య మద్రాసు వెళ్ళి, పరిశ్రమలో అందరూ చేసే పనే చేశాడు. రీలు తీసెయ్యలేదు, ఉంచనూ లేదు. తల్లి మాటల్లో మొదటిదీ, ఆఖరిదీ ఉంచి, మధ్యలో మొత్తం కోయించాడు. తొమ్మిది నిమిషాలు రెండు నిమిషాల పది సెకన్లయింది. సినిమా మే నెలలో వచ్చింది. రాజమండ్రిలో ఆరు వారాలు, హైదరాబాద్‌లో మూడు వారాలు ఆడింది. పట్టాభిరామయ్య మునగలేదు, ఒడ్డూ ఎక్కలేదు. కథ అన్నచోట కాశీవిశ్వనాథం పేరు పడింది.

పేరు పడకపోయినా శౌరి భయపడ్డదే జరిగింది. కథ తనదని ఆపరేటర్ పేచీ పెట్టాడన్న మాట బుధవారం మధ్యాహ్నానికే ఫిల్మ్‌నగర్ అంతా తిరిగింది. అది నిజం కాదని చెప్పడానికి అతను ఏం చెప్పినా అది పేచీలో తరువాయి భాగంలాగే వినబడింది. యజమాని పిలిచి, పదకొండేళ్ళ కిందటి మాటే మళ్ళీ చెప్పాడు. ఏప్రిల్, మే, జూన్, జులై నాలుగు నెలల్లో అరవై పైచిలుకు ప్రివ్యూలు పడ్డాయి. బూత్ మెట్లు ఎవరూ ఎక్కలేదు. ఆపరేటర్ దగ్గర మాట్లాడితే కథలో వాటా అడుగుతాడని ఒక నిర్మాత కిందనుంచే అందరూ వినేలా అన్నాడు.

టీకొట్టు దగ్గర ఇంకో రకం. శౌరి వెళ్ళి తానే చెప్పాడు, ముగింపు కల్పించానని. కొమురమ్మ గరిటె పట్టుకుని నిలబడింది.

"గట్లనా? మరి ముసలామె చెప్పలేదా?"

"నాకు తెలవదు కొమురమ్మా. చూళ్ళేదు."

"నేను ఉత్తగనే ఏడ్చిన్నా? చాయ్ గూడ పొంగిపాయె నాది." గరిటె గిన్నెల పడేసి, "అస్లు ఏమైందో తెల్సుకోని రా. అప్పటిదాంక నాకు గా ఇంగిలీషోళ్ళ ముచ్చట చెప్పకు" అంది. ఆ మాట మీద ఆమె నిలబడింది. ఆదివారాలు శౌరి టీ తాగి వెళ్ళిపోయేవాడు.

అసలు ముగింపు వెతికింది శౌరి కాదు, కాశీవిశ్వనాథం. సినిమా బాగా ఆడనందుకు కోతే కారణమని అతను నమ్మాడు. తొమ్మిది నిమిషాలు ఉంటే వంద రోజులు అని చెప్పుకుంటూ తిరిగాడు. చివరి వారం చూడలేదని శౌరి అబద్ధమాడాడని రుజువు చెయ్యాలంటే లండన్‌లో కూడా తల్లి మాట్లాడి ఉండాలి. రెండు నెలలు టోలిచౌకిలో అడగని షాపు లేదు. చివరికి షార్జానుంచి వచ్చిన కాసెట్ల పెట్టెలో దొరికింది. ఆగస్టులో ఒక ఆదివారం పూజ అయి శౌరి ఇంటికి వచ్చేసరికి కాశీవిశ్వనాథం గుమ్మంలో వీసీఆర్ ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉన్నాడు. పక్కన కొమురమ్మ ఉంది. కొట్టు మూసి వచ్చింది.

"రా ఆపరేటరూ, తేల్చుకుందాం" అన్నాడు కాశీవిశ్వనాథం.

"ఇంట్లోకి రండి సార్. టీ తాగుతారా?" అంది అంతోనమ్మ.

"కప్పు నిండా పొయ్యవ్వా, లేకుంటే నన్నంటడు" అంది కొమురమ్మ.

నలుగురూ కూర్చున్నారు. సీరియల్ చివరి భాగం మొదలైంది. తల్లి కంపెనీ తలుపు తీసింది, వేసింది. జైల్లో చిన్నకొడుకుని చూసి వచ్చింది. ఒక్కమాట అనలేదు. శౌరి ముందుకు వంగి కూర్చున్నాడు. ముప్పయ్యో నిమిషం దగ్గర తల్లి కోర్టు మెట్లు ఎక్కింది. బోనులో నిలబడింది. నోరు తెరిచింది.

కాశీవిశ్వనాథం తొడ చరిచాడు. "చూశావా! చూశావా! చెప్తోంది!"

"ఏమంటుందయ్యా?" అంది కొమురమ్మ.

శౌరి లేచి టీవీ శబ్దం పూర్తిగా తగ్గించాడు. చేతి గడియారం విప్పి అరచేతిలో పెట్టుకున్నాడు. పెదాలు కదులుతున్నాయి. జడ్జీ చూస్తున్నాడు. జనం చూస్తున్నారు. తల్లి ముక్కు సవరించుకుంది. కెమెరా పక్కకు పోలేదు. కొమురమ్మ టీ అయిపోయింది, ఇంకో కప్పు పోయించుకుంది, పెదాలు కదులుతూనే ఉన్నాయి. అంతోనమ్మ సూదిలో దారం ఎక్కించుకుని పక్కనున్న చీర ఒళ్ళోకి లాక్కుంది.

తల్లి ఆపగానే శౌరి గడియారం చూసుకున్నాడు.

"ఇప్పుడేమంటావు?" అన్నాడు కాశీవిశ్వనాథం. "నువ్వు చూళ్ళేదంటావు, అక్కడ అదే ఉంది. మరి నా సినిమాలో ఎందుకు కోయించావయ్యా?"

"ఇక్కడ కూడా కొయ్యాల్సిందేనండీ."

"లండన్‌వాడికే చెప్తావా?"

"ఆఖరి రీలు దగ్గరికొచ్చేసరికి వాళ్ళూ మనవాళ్ళే సార్" అన్నాడు శౌరి.

కాశీవిశ్వనాథం కాసెట్ తీసుకుని, వీసీఆర్ తీగలు చుట్టుకుని, తాను గెలిచానని చెప్పి వెళ్ళాడు. టీకొట్టు దగ్గర కూడా అదే చెప్పాడు. ఆపరేటర్ చూసే చెప్పాడని, నిర్మాతకు మాత్రం చూడలేదని అబద్ధమాడాడని. కొమురమ్మ ఆ మాటను అక్కడే కొట్టేసింది. "నేను ఆడనే ఉన్న. గాయ్న మొదటిసారి చూసిండు. నోరు తెరుసుకోని చూసిండు" అని వచ్చినవాళ్ళందరికీ చెప్పింది. తర్వాతి శుక్రవారం ఒక కొత్త నిర్మాత ప్రివ్యూ అయ్యాక బూత్ మెట్లెక్కి వచ్చి, ఎలా ఉందని అడిగాడు. శౌరి ప్రింటు బాగుందన్నాడు. ఆయన మెట్ల చివరిదాకా దిగాక, పన్నెండో రీలులో పాట ఒకటి ఎక్కువైందని పైనుంచి చెప్పాడు.

అంతకుముందు, కాసెట్ చూసిన ఆదివారం సాయంత్రమే నోటుపుస్తకం తీసి, పదమూడు అంకె కింద ఖాళీగా ఉన్న పేజీలో రాశాడు: "కోర్టులో తల్లి మాట పదకొండు నిమిషాల నలభై సెకన్లు. తొమ్మిదిన్నర నిమిషాలు ఎక్కువ."